అచియెంగ్ హెచ్ఐవీ క్లినిక్

మార్చి 4

కొత్త యాప్ వేశాను. దోహాలో ఇళ్లలో పని చేసే నా కవల చెల్లెలు అడోంగోతో గంటసేపు మొహం చూస్తూ మాట్లాడాను. ఒక్క షిల్లింగ్ ఖర్చు కాలేదు. యాప్ నా ఫోన్లోని పేర్లన్నీ తీసుకుంటానంది. తీసుకోనీ, నా దగ్గర ఏం నిధులున్నాయని? సరే నొక్కాను. అడోంగో ఏడ్చింది, నవ్వింది, నా జడలు బాలేవంది.

మార్చి 9

భలే యాప్. తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చినా పేరు చూపిస్తుంది. మా సెలూన్లో అందరి చేతా వేయించాను.

మార్చి 17, మధ్యాహ్నం

సెలూన్ ఓనరమ్మ మామా ఫెలిస్టా ఫోన్ మోగింది. వేయించిన చేపలమ్మే అచియెంగ్. అప్పుడప్పుడు ఆర్డరు కోసం చేస్తుంది, మామా ఫెలిస్టా ఆ నంబర్ సేవ్ చేసుకోలేదు. మామా ఫెలిస్టా స్క్రీన్ చూసి ఎత్తలేదు. అందరికీ తిప్పి చూపించింది. “అచియెంగ్ హెచ్ఐవీ క్లినిక్” అని ఉంది.

“ఇన్నాళ్లూ దీని చేతి చేపలా మనం తిన్నది?” అంది.

అది నా ఫోన్లో నేను రాసుకున్న పేరు, యాప్ తీసుకెళ్లి అందరికీ చూపిస్తోంది. మా లువో తెగలో మధ్యాహ్నం పుట్టిన ఆడపిల్లలంతా అచియెంగ్‌లే. నా ఫోన్లోనే ఆరుగురు. అచియెంగ్ బట్టలు, అచియెంగ్ చర్చి, ఇలా గుర్తు పెట్టుకుంటాను. ఈమె నాకు క్లినిక్ వరసలో కలిసింది. నేనూ ఆ మందుల కోసమే నిలబడ్డాను.

అందరితో పాటు నేనూ మొహం చిట్లించాను. ఛీ, నా బతుకు.

మార్చి 18

యాప్ తీసేశాను. మామా ఫెలిస్టా ఫోన్లో ఆ పేరు అలాగే ఉంది.

మార్చి 26

అచియెంగ్ మా ఇంటికి వచ్చింది. చేపలు అడిగేవాళ్లు లేరట. కిబుయే మార్కెట్లో పక్కావిడ తన బల్లను దూరంగా జరుపుకుందట. ఎవరు బయటపెట్టారో తెలియక క్లినిక్ నర్సులందరినీ పేరుపేరునా తిట్టింది.

“నీకూ తెలుసనుకో. నిన్ను అనుమానిస్తే నా కళ్లు పోతాయే అపియో.”

నేను టీ పెట్టే వంకతో లేచి వెళ్లాను.

కొత్త సిమ్ కొందట. నంబర్ మొదట నాకే ఇచ్చింది. తన ఫోన్లో నా పేరు చూపించింది. “చెల్లి” అని ఉంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

ఏప్రిల్ 2

ఆ నంబర్ సేవ్ చేసుకోలేదు. కంఠతా వచ్చేసింది. పొద్దున్న ఆ నంబర్ నుంచే ఫోన్ మోగింది. రేపు క్లినిక్‌కి ఒంటరిగా వెళ్లలేనని, తోడు రమ్మని అడిగింది. పనుందన్నాను.

నా మందులూ రేపటితో అయిపోతాయి.