డ్రిల్లు తెచ్చినాను, బొక్క ఎక్కడ?

ఆత్మకూరు, సోమవారం

మేస్త్రీ వరదయ్య గారికి ఇంజనీరు సుకుమారి నమస్కారాలు.

ఫోనులో చెప్పిన ప్రతి మాటకూ తర్వాత "నాకెవరూ చెప్పలేదే" అంటున్నారు. అందుకే ఇకపై అంతా కాగితం మీదే. ఉత్తరాలు ఉదయగిరి బస్సు కండక్టరు తెస్తాడు. గురువారం చర్చి హాలుకు స్లాబు కదా. నాకు నెల్లూరులో మీటింగు, రాలేను. పదకొండింటికి మాత్రం తప్పకుండా ఒక డ్రిల్లు పెట్టండి.

సుకుమారి

ఉదయగిరి, మంగళవారం

ఇంజనీరమ్మ గారికి వందనాలు.

డ్రిల్లు తెచ్చేసినాను! కలిగిరిలో చిన్నది చూపిస్తే వద్దని, బండరాయిని తొలిచేదే పట్టుకొచ్చినాను. బొక్క ఎక్కడ వేయమంటారు?

మీ వరదయ్య

తా.క.: స్లాబు పోసే రోజే స్లాబుకు బొక్క ఏందని సెంటరింగ్ కోటేశ్వర్ నన్ను తిడుతున్నాడు. చదువుకున్నోళ్ల సంగతి నీకు తెలీదులేరా అన్నాను.

ఆత్మకూరు, బుధవారం

వరదయ్య గారూ,

బొక్క వద్దు! మిషను ఇప్పుడే వాపసిచ్చేయండి. డ్రిల్లంటే ప్రమాదం జరిగితే ఏం చేయాలో నేర్పే నాటకం లాంటిది. ఒకరు దెబ్బ తగిలినట్టు పడిపోవాలి. ఈల వేయగానే పైనున్న వాళ్లంతా దిగి, అతన్ని మోసుకుని రోడ్డు మీదికి రావాలి.

కంగారులో సుకుమారి

తా.క.: నటన సహజంగా ఉండాలి.

ఉదయగిరి, గురువారం

అమ్మగారికి వందనాలు.

ఫోనులో విన్నారు గానీ, అంతా కాగితం మీదే అన్నారు కాబట్టి రాస్తున్నాను. నాటకమని తెలిసి రోడ్డు నిండా జనం. మన కూలి పిచ్చయ్య సిమెంటు మూటల పక్కన పడి "నేను పోయినాను, నా బిడ్డలు జాగ్రత్త!" అని అరిచినాడు. పదహారు మందిమీ దిగి వాణ్ణి మోసుకుపోయినాము. అప్పుడే అన్నం తెచ్చిన వాళ్లావిడ పిచ్చమ్మ నిజమనుకుని ఒకటే ఏడుపు. "లేయిరా!" అని నేనంటే, "సహజంగా ఉండాలన్నారు కదా" అని కళ్లు మూసుకునే చెప్పినాడు.

మేము నవ్వుతా ఉండగానే వెనకాల పెళపెళమని శబ్దం. సగం స్లాబు కూలిపోయింది! స్లాబును మోసే సెంటరింగ్ కర్రల కింద మట్టి నానిపోయి ఉండాది. కర్రలు దిగబడకుండా అక్కడ పలకలు కోటేశ్వర్ వేస్తాడని నేను, నేను వేస్తానని వాడు అనుకున్నాము. తప్పు మా ఇద్దరిదీ. కానీ ఆ నిమిషాన పైన ఒక్క మనిషి లేడమ్మా! ఒక్కరికీ గీత పడలేదు.

మీకు రుణపడిన వరదయ్య

తా.క.: స్లాబు కూలగానే జనం చప్పట్లు కొట్టినారు. ఇంత పెద్ద సెట్టింగు ఎట్ల వేసినారని ఇంకా అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?