పొట్టి మరదలి కుండీలు

14వ తేదీ, ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి మా పొట్టి మరదలికి,

మీ వదిన దీవించి రాస్తున్నది. దీవెన సగమే పంపుతున్నాను. మిగతా సగం నీ సంజాయిషీ అందాక పంపాలా వద్దా అన్నది ఆలోచిస్తాను. ఇక్కడ అందరం క్షేమమని రాయడం మర్యాద కాబట్టి అదీ రాసేస్తున్నాను. అత్తయ్య మోకాళ్లు కాస్త నయం. మీ అన్నయ్య పొట్ట ఎప్పటిలాగే ఉంది. కొత్త ఊళ్లో వేళకి తింటున్నావా? ఆ కంటి ఆసుపత్రిలో నిన్ను కాసేపైనా కూర్చోనిస్తున్నారా? అడగాల్సినవి అడిగేశాను, ఇక అసలు సంగతికి వస్తాను.

ఫోన్ చేసి తిట్టొచ్చు. కానీ ఫోన్లో నువ్వు కిసుక్కున నవ్వుతావు, నాకూ నవ్వొస్తుంది, తిట్టాల్సినవన్నీ గొంతులోనే ఉండిపోతాయి. ఉత్తరంలో ఆ బాధ లేదు. చెప్పేదంతా నోరు మూసుకుని వినాల్సిందే.

నువ్వు వెళ్తూ వెళ్తూ నా వంటింటి కిటికీలో నీ కుండీలన్నీ వరసగా పేర్చి వెళ్లావు. ఇంట్లో వెలుగొచ్చే కిటికీ అదొక్కటే, ఒప్పుకుంటాను. నా కేకుల బల్ల ఉన్నదీ ఆ కిటికీ కిందే, అది నీకు తెలియంది కాదు. నువ్వు బస్సెక్కిన కొన్నాళ్లకి వంటింట్లో ఈగలు మొదలయ్యాయి. మామూలు ఈగలైతే గుడ్డతో తోలేదాన్ని. ఇవి ఆవగింజంత ఉంటాయి, నల్లగా, దోమకి తమ్ముళ్లలా. చప్పుడు చెయ్యవు. టీ కప్పులో తేలతాయి. మాట్లాడదామని నోరు తెరిస్తే లోపలికొస్తాయి. నేను మాట్లాడకుండా ఉండలేనని నీకు తెలుసు కదా, ఎన్ని మింగానో ఆ దేవుడికే తెలియాలి.

అరటిపళ్ల వల్ల అన్నారు మీ అన్నయ్య. పళ్లు కొనడం మానేశాను. సింకు వల్ల అన్నారు అత్తయ్య. అందులో మరిగే నీళ్లు పోశాను. చెత్తబుట్ట కడిగి ఎండబెట్టాను, అలమారలో డబ్బాలన్నీ దింపి తుడిచాను. గిన్నెలో వెనిగర్ పోసి పెడితే అందులో పడి చస్తాయని పక్కింటావిడ చెప్పింది. ఒక్కటీ పడలేదు. ఆ కంపుకి నేనే పడబోయాను.

ఈలోగా జరగాల్సిన ఘోరం జరిగిపోయింది. వీధి చివర కాఫీ షాపాయన వారం వారం నా దగ్గర తెల్ల క్రీము కేకులు తీసుకుంటాడు కదా. నా సంపాదన అని నేను చెప్పుకోగలిగింది ఆ ఒక్క ఆర్డరే. ఒకరోజు ఆయన కేకు పెట్టె వెనక్కి తెచ్చి నా బల్ల మీద పెట్టి మూత తీశాడు. క్రీము పువ్వు మధ్యలో ఒక ఈగ, రెక్కలు అంటుకుపోయి. నువ్వుగింజేమో అన్నాను. నువ్వుగింజకి రెక్కలుండవమ్మా అన్నాడు. పోనీ అరిచినా బాగుండేది, నేనూ రెండు అనేదాన్ని. చాలా మర్యాదగా, వంటిల్లు శుభ్రం చేసుకున్నాక కబురు పెట్టండి, అప్పటిదాకా కేకులు వద్దు అని చెప్పి వెళ్లిపోయాడు.

నా వంటింటిని శుభ్రం చేసుకోమన్నాడు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. పొయ్యి వెనక గోడ కూడా రోజూ తుడిచే మనిషిని నేను. తల కొట్టేసినట్టయింది. ఆ పూట అన్నం కూడా సయించలేదు.

ఆ కోపంలోనే కిటికీ గట్టు తోముదామని నీ పెద్ద కుండీ పక్కకి జరిపాను. దాని మట్టిలోంచి గుప్పెడు ఈగలు ఒక్కసారిగా నా మొహం మీదికి లేచాయి. అప్పటికి గానీ నా బుర్రకి తట్టలేదు. అవి నా అరటిపళ్ల తాలూకు కావు, నీ మొక్కల తాలూకు.

మీ అన్నయ్య ఫోన్లో వెతికి పెద్ద పండితుడిలా చదివి వినిపించారు. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే అందులో గుడ్లు పెడతాయట. మట్టి మీద బంగాళాదుంప ముక్క బోర్లా పెడితే పురుగులు దాని కిందికి చేరతాయట. పెట్టి చూశాను. మర్నాడు ముక్క తిరగేస్తే నల్ల తలకాయల సన్న పురుగులు దారప్పోగుల్లా కదులుతున్నాయి. అత్తయ్య అది చూసిన దగ్గర్నుంచి బంగాళాదుంప కూర ముట్టడం లేదు. పసుపు రంగు జిగురు అట్టలు తెచ్చి కుండీల్లో గుచ్చాను. వాటికి ఈగలు బాగానే అంటుకున్నాయి. మీ అన్నయ్య తల కూడా ఒకసారి అంటుకుంది, ఉన్న నాలుగు వెంట్రుకల్లో రెండు పోయాయని ఇంకా సాధిస్తున్నారు.

అన్నిటికంటే ముఖ్యం మట్టి పైన ఎండాలి. అందుకని అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు గట్టిగా చెప్పాను, నేను చెప్పేదాకా కుండీల్లో ఎవరూ చుక్క నీళ్లు పొయ్యొద్దని. ఇద్దరూ బుద్ధిగా తలలూపారు. రోజూ వేలు పెట్టి చూస్తాను కదా, మట్టి బురదే. కుండీ అడుగున కన్నాలు పూడాయేమో అని పుల్లతో పొడిచాను. మట్టి మంచిది కాదేమో అని ఒక కుండీ మొత్తం మార్చాను. అయినా బురదే. ఈగలేమో సంబరంగా తిరుగుతున్నాయి.

ఈ కుండీలు తీసుకెళ్లి మెట్ల కింద పెట్టెయ్యి, ముందు నీ ఆర్డరు సంగతి చూసుకో అని ఈగలు నీ మొక్కలవని తేలిన రోజే మీ అన్నయ్య అన్నారు. అక్కడ చీకటి, మొక్కలు చచ్చిపోతాయి అని నేనే ఒప్పుకోలేదు. నాకెందుకంత పట్టుదల అని ఆయన నన్ను వింతగా చూశారు.

మొన్న కోడిగుడ్ల కోసం బజారుకి బయల్దేరి, సంచి మర్చిపోయి సగం దారిలోంచి వెనక్కొచ్చాను. వంటింట్లో మీ అమ్మగారు చెంబు పట్టుకుని కుండీ కుండీకీ నీళ్లు పోస్తున్నారు. నన్ను చూసి, దాహం వేస్తే తాగుదామని వచ్చానన్నారు. అంతలో మీ అన్నయ్య ఆఫీసుకి బయల్దేరుతూ మగ్గు నిండా నీళ్లతో లోపలికొచ్చారు. అత్తయ్యని చూసి మగ్గు వెనక్కి దాచుకున్నారు, నీళ్లు చొక్కా మీద ఒలికాయి. నేను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. ఇద్దరూ దొంగతనం చేసి దొరికిపోయిన వాళ్లలా నేల చూపులు చూశారు.

ముందు అత్తయ్య నోరు విప్పారు. నువ్వు బస్సెక్కే రోజు ఆవిడ చెవిలో చెప్పావట: "అమ్మా, అన్నయ్యకి బద్ధకం, వదినకి తీరిక ఉండదు. నిన్నొక్కదాన్నే నమ్మి వెళ్తున్నా. ఎవరికీ చెప్పకు."

మీ అన్నయ్య నోరెళ్లబెట్టారు. ఆయనకీ అదే చెప్పావట. అమ్మకి మతిమరుపు, వదినకి తీరిక ఉండదు, నువ్వొక్కడివే దిక్కు అని. ఆ తల్లీ కొడుకులు మొహమొహాలు చూసుకున్న చూపు నువ్వు చూసి ఉండాల్సింది. అత్తయ్యకి మతిమరుపన్న మాట దగ్గర కోపమొచ్చింది, ఆయనకి బద్ధకమన్న మాట దగ్గర. నాకు రెండు చోట్లా తీరిక లేదన్నావు, ఆ లెక్క మనిద్దరం తర్వాత తేల్చుకుందాం.

అసలు నీకు బుద్ధుందా? ఒకే ఇంట్లో, ఒకే కిటికీకి, మనిషి మనిషికీ విడిగా రహస్యం చెప్పి పోతావా? వాళ్లు ఒకరికి తెలియకుండా ఒకరు పోటీలుపడి నీళ్లు పోస్తే, నా కేకు మీద ఈగ వాలింది. నా పేరు పోయింది. నువ్వు మాత్రం అక్కడ హాయిగా అందరి కళ్లల్లో చుక్కల మందు వేసుకుంటూ కూర్చున్నావు.

ఇప్పుడు కుండీల మీద వేలెడు మందాన పొడి ఇసుక పరిచాను. ఆకు కాస్త వాడితేనే నీళ్లు, అదీ పై నుంచి కాదు, కింద పళ్లెంలో. ఈగలు చాలావరకు తగ్గాయి. కాఫీ షాపాయనకి కబురు పెట్టాను. ఈలోగా వేరే ఆవిడ దగ్గర కేకులు మాట్లాడుకున్నాడట. ఆదివారాలకి మాత్రం నా కేకులు తీసుకుంటానన్నాడు. అదైనా దక్కింది.

వచ్చే సెలవుకి వచ్చి నీ కుండీలు నువ్వు పట్టుకుపో. ఒళ్లు జాగ్రత్త. వేళకి తిను.

ఇంకా కోపం తగ్గని,
మీ వదిన

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. పైన ఒక మాట రాయలేదు. ఆ రోజు వాళ్లిద్దరి సంగతీ బయటపడ్డాక, మరి నీకేం చెప్పింది అని అత్తయ్య నన్నడిగారు. నాకేం చెప్పలేదు అన్నాను.

నాకూ చెప్పావు కదే. మెట్ల మీద నా భుజం పట్టుకుని, వదినా, వీళ్లిద్దరూ చూసుకోరు, నిన్నొక్కదాన్నే నమ్ముతున్నా అన్నావు. రోజూ గిన్నెలు తోమాక ఎవరూ చూడకుండా నేనూ పోశాను. ఎవరూ పొయ్యొద్దని చెప్పిన తర్వాత కూడా, ఎండిపోతే నీకు మొహం ఎలా చూపించాలా అని, తలా అర గ్లాసు పోస్తూనే ఉన్నాను. ఈ ఇంట్లో మీ ముగ్గురూ గుసగుసలాడుకుంటుంటే నేను వంటింట్లోంచి వినేదాన్ని. నా చెవిలో ఒకరు వచ్చి రహస్యం చెప్పడం అదే మొదటిసారి. ఆర్డరు పూర్తిగా పోతుందని తెలిసీ ఆ కుండీలు కదలనివ్వనిది అందుకే.

ఈసారి వచ్చినప్పుడు ఏదో ఒకటి నాకొక్కదానికే చెప్పు. ఎంత చిన్నదైనా సరే.