బలపం ముక్కలు, బెంగళూరు రిపోర్టు

జూన్ 24, 2002
మళ్ళీ ఆయాసం. బడికి ఉన్నవి నాలుగే మెట్లు — నాలుగో దాని మీద కూర్చుండిపోయాను. "టీచర్, నీళ్ళు తెస్తామా?" అని పిల్లలు. తాగాను. వాళ్ళు వెళ్ళాక బడి బీరువాలోంచి బలపం తీసి కొరికాను. ఇలా తినడం మొదలై ఇది నాలుగో నెల. సిగ్గులేనిదాన్ని.

జూన్ 27
అనంతపురం. డాక్టరమ్మ కనురెప్ప కిందికి లాగి చూసింది. పరీక్ష చేస్తే రక్తం ఏడే ఉంది. నడుము నొప్పి సంగతి, నాయన సంగతి చెప్పాను. రాస్తున్న పెన్ను ఆగింది. "మీ నాయనకు ఎముకల మూలుగ జబ్బా? అయితే ఐరన్‌తో పాటు ప్రోటీన్ల పరీక్ష కూడా చేపిద్దాం. బెంగళూరుకు పంపాల."
ఇంకోటి అడిగింది — "మట్టి, సుద్ద, బియ్యం... ఇట్లాంటివేమన్నా తింటాండావా?"
లేదన్నాను. పక్కన మా ఆయన. పైగా టీచర్ని.

జూన్ 28
నాయనకూ మొదట ఇంతే. నడుము నొప్పి, పాలిపోవడం. రక్తంలో ఏదో చెడ్డ ప్రోటీన్ అన్నారు. ఆరు నెలలు కూడా... మా చిన్నదానికి ఇంకా జడ వేసుకోవడం రాదు.

జూలై 1
వాన లేదు. వేరుశనగ విత్తనాలు మూటల్లోనే ఉన్నాయి. మా ఆయన పొద్దస్తమానం మబ్బులు చూస్తాడు. నాకేమో రాకపోతేనే నయమనిపిస్తోంది — తడి మట్టి వాసన తగిలితే ఆగలేను. ఎంత పాపిష్టి ఆలోచన.

జూలై 3
రెండు ముక్కలు.

జూలై 5
రిపోర్టు వచ్చింది. కవరు నేనే చింపాను. డాక్టరమ్మ చదివి అద్దాలు తీసింది. "ప్రోటీన్లన్నీ సరిగ్గా ఉండాయి. మీ నాయన జబ్బు నీకు లేదు. ఐరన్ మాత్రం అడుగంటింది."
ఏడ్చేశాను. ఏడుస్తూనే అన్నీ కక్కేశాను — బలపాలు, బీరువా, నాలుగు నెలలు.
"ఇది దొంగబుద్ధి కాదమ్మా. ఐరన్ తగ్గితే కొందరికి నోరు అట్ల లాగుతాది. ఆ పొద్దే చెప్పల్ల కదా."
బస్సులో గార్లదిన్నెకు వచ్చాం. దిగేటప్పుడు మా ఆయన — "నాకు చెప్పింటే సంతలో పెట్టెకు పెట్టె తెచ్చిస్తాంటి కదా." ఎన్నాళ్ళకో నవ్వాను. హాయిగా ఉంది.

జూలై 6
అత్తకూ తెలిసిపోయింది. "ఓస్, ఇంతేనా? నీ మొగుడు కడుపులో ఉన్నప్పుడు వాకిలి పక్క మట్టిగోడ మూల సగం నేనే తింటి. యాడ చూసినావు నువ్వు?"
ఆ మూల గుంత ఇన్నేళ్ళూ ఎలుకల పని అనుకున్నాను.

జూలై 9
ఐరన్ మాత్ర టీతో మింగుతున్నాను, అలవాటుకొద్దీ. టీతో వేసుకుంటే ఒంటికి పట్టదట. ఇక నిమ్మకాయ నీళ్ళతో.

జూలై 22
నాలుగు మెట్లూ ఎక్కాను. ఆగకుండా. బీరువా తాళంచెవి హెడ్మాస్టరుకు ఇచ్చేశాను. ఎందుకని ఆయన అడగలేదు.

ఆగస్టు 2
వాన. ఆలస్యమైనా వాన. మా ఆయన మూటలు విప్పుతున్నాడు. పిల్లలు వీధిలో. అత్త వాకిట్లో తడుస్తూ పిలుస్తోంది — "రామ్మా బయటికి, లోపల ఏం రాసుకుంటాండావు?"
వాసన వంటింటి దాకా వచ్చేసింది. నోరూరుతోంది. మునుపంత కాదు... కాదనే అనుకుంటున్నాను.
మళ్ళీ పిలుస్తోంది. వెళ్ళాలి. వెళ్ళాలంటే ఆ గోడ మూల పక్క నుంచే వెళ్ళాలి.