పాయింట్ల మధ్య కాగితం

నన్నింకా చిన్నోడా అని పిలిచే అక్కకి,

నువ్వే నెగ్గావు. పైగది ఊడ్పించి ఉంచు, నేను వచ్చేస్తున్నాను. మూడేళ్ళుగా నువ్వు రమ్మన్నప్పుడల్లా ఏదో ఒక వంక చెప్పినవాణ్ణి, ఇప్పుడెందుకు వస్తున్నానో చెప్పాలిగా. ఫోన్లో అయితే నువ్వు "అయ్యో" అనగానే నేను మాట మార్చేస్తాను. అందుకే కాగితం మీద పెడుతున్నాను. బావగారికి చూపించకు.

నా వారం ఎలా గడుస్తుందో నీకు తెలియదు. నేనే తెలియనివ్వలేదు. సోమవారం నుంచి శనివారం దాకా గడియారాల కొట్లో కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చుంటాను. వచ్చినవాళ్ళు "ఎప్పటికవుతుంది?" అంటారు. నేను "ఎల్లుండి" అంటాను. నీ మరదలు పోయాక కొన్ని రోజులు నా నోట వచ్చిన మాట అదొక్కటే.

ఇక ఆదివారం. పొద్దున్నే మా బిల్డింగు కింద బస్సు డ్రైవరు, లెక్కల మేడం, ఇంకో ఇద్దరు ముగ్గురు బకెట్లు, పాత బనియన్ గుడ్డలు పట్టుకుని బళ్ళ దగ్గరికి దిగుతారు. డ్రైవరు బండికి హారన్ తప్ప అన్నీ మోగుతాయంటుంది మేడం. మేడం బండి తిరిగిన దానికన్నా తుడిపించుకున్నదే ఎక్కువంటాడు డ్రైవరు. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం నా బండి నిజంగానే మొరాయించింది. అందరూ చుట్టూ చేరారు. ఒకరు ప్లగ్గు విప్పారు, ఒకరు టీ తెచ్చారు. "అన్నా, నువ్వు తప్పుకో, ఇది నీ వల్ల కాదు" అన్నాడు డ్రైవరు. ఆవగింజంత స్క్రూలు బిగించేవాడికి ఇంజనొక లెక్కా! అయినా ఏమీ తెలియనట్టే నిలబడ్డాను. గంటసేపు నా పక్కన మనుషులున్నారక్కా. మరుసటి ఆదివారం బండి బాగానే ఉంది. కిందికెళ్ళి తుడుచుకుంటుంటే చెయ్యి ఊపి, ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. ఆ పై ఆదివారం నేనే ప్లగ్గు వైరు పీకి కూర్చున్నాను.

అవును, నేనే. ఒక వారం వైరు, ఒక వారం ఫ్యూజు, ఒక వారం పెట్రోలు ట్యాపు. నాకు ట్రబులన్న అని పేరు కూడా పెట్టారు. "ఏం ట్రబులన్నా, ఈ వారం మీ ఆవిడెందుకు అలిగింది?" అని బండిని చూపిస్తూ అడిగేవారు. నేనూ నవ్వేవాణ్ణి. సిగ్గులేని జన్మ.

మొన్న ఆదివారం కొత్త పని చేశాను. ఇంజను పక్క మూత కింద రెండు చిన్న పాయింట్లుంటాయి. అవి ఒకదానికొకటి తగిలి విడిపోతుంటేనే నిప్పురవ్వ పుడుతుంది. గడియారం చక్రాలు చుట్టే పల్చటి కాగితంలోంచి గోరంత ముక్క చింపి ఆ రెంటి మధ్య దోపాను. దాన్ని వెతకడానికి రెండు గంటలు పడుతుందని నా ఆశ.

అప్పుడే డ్రైవరుకి ఫోన్ వచ్చింది. భార్యకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి, పుట్టింటివాళ్ళు ఆసుపత్రికి తీసుకెళ్ళారు, ఆపరేషనన్నారు. అతని బండి ముక్కలుగా గోనెసంచి మీద ఉంది. మేడం బండి చక్రం విప్పి ఉంది. మిగతావాళ్ళు ఇంకా దిగలేదు. వీధిలో ఆటో లేదు. "అన్నా, తాళం!" అని లాక్కున్నాడు. కిక్కు కొట్టాడు. కొట్టాడు. ప్లగ్గు చూశాడు, ఫ్యూజు చూశాడు, మళ్ళీ కొట్టాడు. చొక్కా మొత్తం తడిసిపోయింది.

పది నిమిషాలక్కా. పది నిమిషాలు నేను నోరు మెదపలేదు. చెబితే పరువు పోతుందని. పరువట! చివరికి అతను మళ్ళీ మొదట్నుంచీ ప్లగ్గు విప్పడం చూడలేక జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాను, మూత విప్పాను, నా చిన్న పట్టకారుతో ఆ కాగితం లాగాను. అర నిమిషం పట్టలేదు. ఒక్క కిక్కుకి స్టార్టయింది. అతను ముందు కాగితం చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. బండెక్కి వెళ్ళిపోయాడు.

తల్లీ బిడ్డా క్షేమమే. ఆడపిల్ల. కానీ లోపలికి తీసుకెళ్ళేముందు చెయ్యి పట్టుకుంటానని భార్యకి మాటిచ్చాడట. అతను వెళ్ళేసరికి తలుపులు మూసేశారట. మేడం చెప్పింది. బండి తాళం నా గుమ్మం ముందు పెట్టి పోయాడు. వాళ్ళ మొహం ఎలా చూడను? బండి అమ్మేస్తున్నాను. బేరం కుదిరింది, మరో రెండు వారాల్లో బండి ఇచ్చేసి బస్సెక్కుతాను.

నీ తమ్ముడు

•

అక్కా,

మూటలన్నీ కట్టుకున్నాక రాస్తున్న ఉత్తరమిది. నిదానంగా చదువు.

ఈ ఆదివారం వాళ్ళు దిగకముందే బండి తీసుకెళ్ళి ఇచ్చేద్దామనుకున్నాను. రెండు వారాలు వానలో నానింది. కిక్కు కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు. ఒట్టక్కా, ఈసారి నేను వేలు కూడా పెట్టలేదు! కొట్టి కొట్టి కాలు పీకింది. ఆ చప్పుడుకి డ్రైవరు దిగాడు, వెనకాలే మేడం.

"ఈసారి ఏం దోపావు? కాగితమా, గుడ్డా?" అన్నాడు డ్రైవరు.

"ఏమీ దోపలేదు. ఒట్టు."

"ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు."

"నిజంగా ఏమీ లేదాండీ?" అంది మేడం. ఆవిడా నమ్మలేదు. నమ్మమని ఏ మొహం పెట్టుకుని అడగను? బండి తోసుకుంటూ వెళ్ళిపోదామని స్టాండు తీశాను. డ్రైవరు హ్యాండిల్ పట్టుకున్నాడు.

"నేను కిక్కు కొడుతుంటే చూస్తూ నిలబడ్డావు కదన్నా. ఎందుకు లేటయిందని మా ఆవిడ అడిగింది. ట్రాఫిక్కన్నాను. నీ పేరు చెప్పడానికి నోరు రాలేదు." హ్యాండిల్ మాత్రం వదల్లేదు. "ఎందుకు చేశావో ఆలోచిస్తే అర్థమైంది. కాసేపు నా పక్కన కూర్చోండ్రా అని నువ్వంటే కూర్చోమా? దానికి బండి చెడగొట్టుకోవాలా?"

నేను అక్కడే ఏడ్చానక్కా, అరవైకి దగ్గరపడ్డవాణ్ణి, చేతిలో హెల్మెట్ పట్టుకుని. ఎవరూ ఓదార్చలేదు. డ్రైవరు తన స్పానర్ల డబ్బా తెచ్చి నా కాళ్ళ దగ్గర ధబ్బున పడేశాడు. "నువ్వే విప్పు. నీ చేతుల పనితనం ఆ రోజు చూశాంగా. రెండేళ్ళు మాతో గాడిద చాకిరీ చేయించావు."

కార్బురేటరు విప్పాను. దాని అడుగు గిన్నెలో పెట్రోలుతో పాటు నీళ్ళు. ట్యాంకు మూత వాషరు అరిగిపోయి వాననీళ్ళు దిగాయి. గిన్నె ఎత్తి చూపించాను. డ్రైవరు వేలు ముంచి చూశాడు.

"మేడం, ట్రబులన్నకి నిజంగానే ట్రబులొచ్చింది!"

మేడం నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూలబడింది. డ్రైవరు నవ్వలేదు. నామీద ఇంకా కోపం ఉంది, ఉండాలి కూడా. కానీ బకెట్ బోర్లించుకుని నా పక్కనే కూర్చున్నాడు. కొనేవాడు వెతుక్కుంటూ వచ్చి, ముక్కలుగా ఉన్న బండిని చూసి "ఎప్పటికవుతుంది?" అన్నాడు. "అమ్మడం లేదు, ఏమనుకోకండి" అన్నాను. ఆ మాట అన్నాక గానీ నాకే తెలియలేదు.

పైగదిలో బావగారి పుస్తకాలు మళ్ళీ సర్దించెయ్, ఉండిపోవడానికి రావడం లేదు. పండక్కో పబ్బానికో కాదు, ఊరికే చూడ్డానికి వస్తాను, రెండ్రోజులుంటాను, ఆదివారం లోపల తిరిగొచ్చేస్తాను.

బండి గంటలో బాగైంది, ఒక్క కిక్కుకి అందుకుంది. ఇంజను ఆపేశాను. అయినా వాళ్ళు లేవలేదక్కా.

నీ చిన్నోడు