కూనూరు ఇంటి పాలగిన్నె

సుశీలా,

కూనూరులో ఇల్లు కొన్నాను. నవ్వకు. సెలవులకు వచ్చి ఉండడానికి ఒక్క గది ఫ్లాటు, కిటికీ తెరిస్తే కొండ. పాలు, కూరగాయలు, గుడి, అన్నిటికీ నడిచే వెళ్లొచ్చు. ఆటోవాళ్లతో నీకు లొల్లే ఉండేది కాదు. దారిలో మెట్లున్నాయి కానీ, నీ మోకాళ్లు నొస్తే కూర్చోవడానికి మధ్యలో ఒక బల్ల కూడా ఉంది.

కొండలకు పోదామని నువ్వు అడిగినప్పుడల్లా "దుకాణం ఎవరు చూస్తరే?" అన్నాను. బేగంబజార్‌లో మన గిన్నెల దుకాణం ఈ వారం నేను లేకుండానే మస్తుగా నడుస్తోందట.

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున కొత్తింట్లో పాలు పొంగించాం. గిన్నె మన దుకాణంలోదే. మొన్న బయలుదేరే ముందు దాని మీద నీ పేరు చెక్కుతుంటే మన రాధ అడిగింది.

"అమ్మ పేరెందుకు బాపూ? ఆ ఇల్లు అమ్మకు తెల్వనే తెల్వదు గదా."

పక్కింటికి గిన్నెలో కూర పంపిన ప్రతిసారీ నువ్వు ఒకటే మాట అనేదానివి. "పేరుంటే సాలు, యాడికి పోయినా ఇంటికి తిరిగొస్తది."

అందుకే నీ పేరు కింద ఈ ఇంటి నంబరు కూడా చెక్కాను.