అమ్మ విన్న పని

తొండియార్‌పేట

తమ్ముడు మోహన్‌రాజ్‌కు, ఇక్కడ అందరం క్షేమమే, నా కోపం మాత్రం తగ్గలేదు.

ఫోన్‌లో తిడితే నవ్వి పెట్టేస్తావని కార్డు రాస్తున్నాను. ఆదివారం అమ్మకు ఫోన్ చేసి, "రేపు తెల్లార్తోనే పనిలోకి పోతానుమా, ఇంటెనకాలే, గంటలో వచ్చేస్తా" అన్నావు. నీ మాటల్లో సగం అరవమే. అరవంలో పని అంటే మంచు అని ఆమెకు ఆ క్షణాన తోచలేదు. అక్కడ మనాలిలో నువ్వు చేసే హోటల్ మూసేశాక నీకు మళ్ళీ పని దొరికిందనుకుని, గుడిలో కర్పూరం వెలిగించి వీధంతా చెప్పుకుంది. సోమవారం సాయంత్రం మా ప్రీతి నీ వీడియో చూపించింది. ఫోన్ బండ మీద పెట్టి, కాళ్ళకు స్కీ పలకలు కట్టుకుని, ఒక్క అడుగుజాడ లేని మంచుకొండ మీద జారుతున్నావు. అమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. "ఒరే వెంకట్రామా, ఈడు చేసే పని ఇదా? ఆడ పక్కన ఒక మనిషి గూడా లేడేరా!" అంది. అన్నం ముట్టలేదు.

ఇంటి వెనక కొండయితే మంచు విరిగి పడదా? పోయిన చలికాలం ఆ వాలులోనే ఒకణ్ణి తవ్వి తీశారని చెప్పింది నువ్వే.

మిక్సీ చిన్న జారు మూత నీ సామానులో వచ్చిందేమో చూడు, మీ వదిన అడుగుతోంది. చుక్కల మందు వేశాక అమ్మ కంటి ఎరుపు తగ్గింది.

జారొద్దని చెప్పను, చెప్పినా వినవు. ఒంటరిగా మాత్రం పోవద్దు. ఎవరితో పోతావో వాళ్ళ నంబరు అమ్మకు చెప్పి పో. నువ్వు మంచు కింద ఉంటే మేము నీ ఫోన్‌కే కొట్టుకుంటూ కూర్చోవాలా?

అమ్మ దీవెనలు ఈ కార్డుతోనే పంపుతున్నాను. నావి ఆ నంబరు వచ్చాక.

వెంకట్రామ్