గుంపులో వినిపించే బటన్

నవంబర్ 30, ఆదివారం. ఎల్లారెడ్డి

పొద్దున లేచేసరికి చెవి మిషన్ అప్‌డేట్ అయి ఉంది. నేను అడగలేదు. ఫోన్‌లో యాప్ తెరిస్తే ‘క్రౌడ్’ బటన్ లేదు. అది నొక్కితే చుట్టూ ఎంత గోల ఉన్నా ఎదుటి మనిషి మాట విడిగా వినిపించేది. రెండేళ్ళ కింద లక్షా ఎనభై వేలు పోసింది ఆ ఒక్క బటన్ కోసమే. బటన్ ఉన్నచోట ఇప్పుడు పువ్వు బొమ్మ. కింద ఇంగ్లీషులో, మీ జీవితాన్ని సులభం చేశాం అని రాశారు.

డిసెంబర్ 2

కామారెడ్డి వెళ్ళాను. మిషన్ అమ్మిన డేవిడ్, “సార్, పాత మోడల్‌కు కంపెనోళ్ళే తీసేసిండ్రు, నా చేతిల ఏం లేదు, కొత్త మోడల్ల ఉంటది” అన్నాడు. పాత యాప్ ఎక్కించమన్నాను. ఎక్కదట. కొన్నది నేను కదా అంటే, “మిషన్ మీదే సార్, సాఫ్ట్‌వేర్ వాళ్ళది” అన్నాడు.

జాగీర్దార్లు కూడా భూమి గుంజుకోవాలంటే మనిషిని పంపేవాళ్ళు. వీళ్ళు నిద్రపోతున్నవాడి చెవిలోంచి పట్టుకుపోయారు.

డిసెంబర్ 5

పదిహేడున పెన్షనర్ల దినం. ఈ ఏడు సన్మానం హన్మండ్లుకు.

1994లో నేను టీచరుగా ఉన్న బడికి వాడు హెడ్మాస్టర్. మూడు వేసవులు సైకిల్ మీద తిరిగి మా తాలూకాలోని అరవై ఒక్క చెరువుల చరిత్ర రాశాను. ఏ తూము కింద ఎన్ని ఎకరాలు పారేవో, చెరువు నీళ్ళు వదిలే ముసలి నీరటిగాళ్ళు చెబితే విని రాసింది. చదివి ఇస్తానని తీసుకుపోయి తన పేరుతో అచ్చు వేయించుకున్నాడు. అడిగితే నన్ను మహారాష్ట్ర సరిహద్దులోని మద్నూర్‌కు ట్రాన్స్‌ఫర్ చేయించాడు. అక్కడ సగం క్లాసు నన్ను మరాఠీలో తిట్టుకునేది.

ప్రతి మీటింగులో ఆ పుస్తకం గురించే చెప్తాడు. పోయినేడు మిషన్ పుణ్యమా అని వాడి బడాయి మొత్తం విన్నాను. ఈసారి జవాబు రాసుకున్నాను. నాలుగు పేజీలు.

డిసెంబర్ 9

కోడలు సుకన్య, “వినబడకపోతే మల్ల చెప్పుమనరాదు మామా, అండ్ల ఏం పోతది” అంది. ముప్పై నాలుగేళ్ళు పిల్లల్ని నిలబెట్టి ‘మళ్ళీ చెప్పు’ అన్నవాణ్ణి. నేనెవరినీ అడగను. తల ఊపుతాను.

డిసెంబర్ 13

కంపెనీకి మూడో మెయిల్. మీ అభిప్రాయం మాకు విలువైనదట.

డిసెంబర్ 18, ఉదయం 5

నిద్ర లేదు. రాయాలి.

నిన్న కామారెడ్డి ఫంక్షన్ హాల్లో మూడు వందల మంది ముసలివాళ్ళు, వెనకాల వంటవాళ్ళు. మిషన్ అన్నింటినీ ఒకే మోతాదులో చెవిలో పోసింది. హన్మండ్లు శాలువాతో మైకు ముందు చాలాసేపు మాట్లాడాడు. నాకు ఫ్యాన్లూ స్టీలు ప్లేట్లూ వినిపించాయి. ఒకసారి నావైపు చెయ్యి చూపించాడు. అందరూ తిరిగి నన్ను చూశారు, చప్పట్లు కొట్టారు. ఎగతాళి అనుకున్నాను. అంతా విన్నట్టే తల ఊపి లేచాను.

మైకు తీసుకుని నాలుగు పేజీలూ చదివాను. దొంగ అన్నాను. అక్షరం రాని నీరటిగాళ్ళ నోటి మాట అమ్ముకున్నవాడన్నాను. ఆడవాళ్ళ వరుసలోంచి, నాకు తోడుగా వచ్చిన సుకన్య చేతులూపుతూ వస్తోంది. పరువు పోతుందని భయపడుతోంది అనుకున్నాను. హాలు సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దం మాత్రం బాగా వినిపించింది. హన్మండ్లు శాలువా తీసి, మడిచి, కుర్చీలో పెట్టి వెళ్ళిపోయాడు. గెలిచాననుకున్నాను.

తిరుగు బస్సులో సుకన్య ఏదో చెప్తూనే ఉంది. ఇంజిన్ మోత తప్ప నాకేమీ వినబడలేదు. తల ఊపాను. ఆఖరికి నా చేతిలో కాగితాలు గుంజుకుని వెనకవైపు రాసింది.

“మామా, పుస్తకం నీదే అని ఆయన అందరి ముందట ఒప్పుకున్నడు. దొంగతనం చేసిన, మాఫ్ చెయ్యి విఠల్ అన్నడు. ఆ శాలువ నీకు కప్పుదామనే పిలిచిండు.”

ముప్పై ఒక్క ఏళ్ళు ఎదురుచూసిన మాట. మూడు వందల మంది విన్నారు.

డిసెంబర్ 19

మిషన్ చార్జింగ్ పెట్టలేదు.

డిసెంబర్ 22. కామారెడ్డి

హన్మండ్లే తలుపు తీశాడు. లోపల టీవీ మోగుతోంది. నన్ను చూసి ఏదో అన్నాడు.

తల ఊపలేదు. వినబడలేదు, మళ్ళీ చెప్పు అన్నాను.